వాల్వు మీద ఒకే చెయ్యి

బాయిలర్ మేస్త్రి మాట్లాడుతూ మాట్లాడుతూ చూపుడువేలు పైకెత్తాడంటే, ఇక ఆ సంగతి అక్కడితో సరి. బట్టలకు రంగులద్దే మిల్లులో ఆయన ముప్పై ఏళ్లకు పైగా ఆవిరి కాచాడు. బాయిలర్ గది హోరులో పక్కనున్నవాడు గొంతు చించుకున్నా వినపడదు. అందుకని అక్కడ మాటలన్నీ చేతులతోనే. అరచెయ్యి కిందికి దించితే మంట తగ్గించమని. చెవి పట్టుకుంటే నీళ్ల పంపు చూడమని. వేలు ఒకటి పైకెత్తితే, వాల్వు మీద ఒకే చెయ్యి ఉండాలి, రెండోవాడు దూరం జరగమని.

ఆ వేలు ఊరికే పుట్టలేదు. ఆయన పనిలో చేరిన కొత్తల్లో ఇద్దరు మనుషులు కలిసి ఒకే వాల్వు చక్రం పట్టుకున్నారు. మూస్తున్నామని ఒకడు, తెరుస్తున్నామని ఇంకొకడు. ఒకడి మాట ఇంకొకడికి వినపడితే కదా! జాయింటు ఊడి ఆవిరి ఒకడి మొహాన కొట్టింది. మనిషి బతికాడు గానీ, ఆ మొహం చూసిన మేస్త్రికి చాన్నాళ్లు అన్నం సయించలేదు. తర్వాత ఆ గదికి తానే పెద్ద అయ్యాక ఈ వేలి నియమం పెట్టాడు. ఆయన ఉన్నన్నాళ్లూ అక్కడ ఎవడికీ చర్మం కందలేదు. మంచి నియమమే, కాదనను. మిల్లు గేటు దగ్గరే దాన్ని వదిలేసి ఇంటికి వచ్చి ఉంటే ఇంకా మంచిది.

వదల్లేదుగా! జీతం, ఇంటి అద్దె, తర్వాత ఇంటి అప్పు, బ్యాంకు, పన్ను, అన్నిటి మీదా ఆయనదే చెయ్యి. ఆయన భార్య ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆ డబ్బూ తీసుకెళ్లి తన ఖాతాలోనే వేసేవాడు.

"ఏవండీ, అసలు మనకి ఎంతుందో నాకూ చెప్పొచ్చు కదా," అని ఆవిడ ఎప్పుడైనా అడిగితే వేలు లేచేది.

"లేచిందమ్మా వేలు! ఇక నా నోటికి తాళం," అని ఆవిడ నవ్వేసి మిషను తొక్కుకునేది.

ఆయన డబ్బు తగలేసే మనిషైతే ఆవిడ ఎప్పుడో తిరగబడేది. అలా కాదే! సిగరెట్టు ముట్టడు, పేక ముట్టడు, ఆవిడ అడిగింది ఏనాడూ లేదనలేదు. ఆవిడకు ఏ లోటూ రానివ్వని మనిషి కాబట్టే ఆవిడా ఆ వేలికి అలవాటు పడిపోయింది. పిల్లలు లేరు. ఇద్దరే ఇద్దరు. లెక్క అడిగేవాళ్లు మూడోవాళ్లెవరూ లేరు.

మిల్లు పొగో, మిషను దగ్గర లేచే నూలు దుమ్మో, ఏళ్లు గడిచేసరికి ఆవిడకు ఆయాసం పట్టుకుంది. చలి మొదలైతే చాలు, దిండు ఎత్తు చేసుకుని కూర్చునే తెల్లవార్చేది. "మందులు ఎన్నయినా రాస్తాను గానీ, ఈ గాలి మార్చండి. పొడి గాలి ఉన్నచోటికి తీసుకెళ్లండి," అన్నాడు డాక్టరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ సెలవు పెట్టడమే ఎరగని మేస్త్రి ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన ఒకాయన దేశం దాటి, కొండల వెనక ఉన్న ఒక చిన్న పట్నంలో స్థిరపడ్డాడు. అక్కడ ఏడాదిలో ముప్పాతికపాళ్లు ఎండేననీ, ఇక్కడ నెలాఖరుకి బొటాబొటిగా సరిపోయే పెన్షను అక్కడ దర్జాగా సరిపోతుందనీ ఫోన్లో ఊదరగొట్టాడు. మేస్త్రి ఉన్న ఇల్లు బేరం పెట్టాడు.

బావమరిదికి ఒళ్లు మండింది. "బావా, భాష రాదు, మనిషి తెలీదు. ఈ వయసులో ఉన్న గూడు అమ్ముకుని పరాయి దేశం పోతానంటావేంటి?"

"మీ అక్క దగ్గు ఎప్పుడైనా పక్కన కూర్చుని విన్నావా?" అన్నాడు మేస్త్రి.



అక్కడ దిగాక ఒక అద్దె గది తీసుకున్నారు. మంచం, రెండు కుర్చీలు, కిటికీ పక్కన చిన్న పొయ్యి. ఇల్లు చూపించడానికి వచ్చిన దళారి మన భాషవాడే. చిన్నప్పుడే అక్కడికి వచ్చి పడ్డాడట. నడుముకి తాళాల గుత్తి కట్టుకుని గలగలలాడుతూ తిరుగుతాడు కాబట్టి ఆవిడ ఆయనకు తాళాలాయన అని పేరు పెట్టింది. దళారి అనగానే మీరు ఏదో అనుకుంటారని నాకు తెలుసు. పాపం, ఆయన ఒక్క అబద్ధం చెప్పలేదు. మోసం చేసి ఉంటే తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

నాలుగు ఇళ్లు చూశారు. అయిదోది ఇంకా కడుతున్నారు. గోడలకు పూత లేదు, మెట్లకు పిట్టగోడ లేదు. ఆవిడ మెల్లిగా రెండో అంతస్తు ఎక్కి, వెనక వసారాలోకి వెళ్లి నిలబడింది. ఎదురుగా ఎండిన కొండ, మీద ఎండ. ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. దగ్గు వస్తుందేమోనని మేస్త్రి చెయ్యి చాచి నిలబడ్డాడు. రాలేదు.

"ఏవండీ," అంది ఆవిడ, తనలో తాను అనుకుంటున్నట్టు. "గాలి లోపలిదాకా పోతోందండీ."

అంతే. మేస్త్రికి ఆ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు కనపడలేదు. కనపడకపోయినా పనిమంతుడు పనిమంతుడే. పైపులు వేలి గెణుపులతో కొట్టి చూశాడు. మురుగు వాలు చూశాడు. కొళాయి తిప్పి నీటి జోరు ఎంతుందో అరచెయ్యి అడ్డంపెట్టి చూశాడు. వంక పెట్టడానికేమీ లేదు.

షరతులు తాళాలాయన నిదానంగా విప్పి చెప్పాడు. డబ్బు మూడు వాటాలుగా కట్టాలి. ఒకటి ఇప్పుడు, ఒకటి గోడల పూత అయ్యాక, మూడోది తాళం చేతికిచ్చే ముందు. చివరి వాటా గడువు దాటితే బిల్డరు ఇల్లు ఇంకొకరికి అమ్ముకోవచ్చు. కట్టినదాంట్లో చేతికి తిరిగొచ్చేది ఏమంత ఉండదు. ఇంకో ముక్క కూడా చెప్పాడు. "సొంత ఇల్లున్న పరాయి దేశంవాళ్లనే ఇక్కడ ఉండనిస్తారు, మేస్త్రిగారూ. ఇల్లు లేకపోతే, ఉండటానికిచ్చిన పర్మిట్ గడువు అయిపోగానే సంచీ సర్దుకోవాలి. అది మాత్రం గుర్తుపెట్టుకోండి."

"గుర్తుండకేం," అన్నాడు మేస్త్రి.

"అయితే కాగితం ఇద్దరి పేర్ల మీదా రాయించేద్దాం. బ్యాంకులోనూ అంతే. దానికి ఖర్చేం లేదు. రేపు మీకే జలుబో జ్వరమో వచ్చిందనుకోండి, అమ్మగారు వెళ్లి పని చేసుకొస్తారు."

మేస్త్రి వేలు పైకెత్తాడు.

తాళాలాయనకు అర్థం కాక ఆవిడ వంక చూశాడు. "ఆయన అంతేనండీ. ఇద్దరు చెయ్యేస్తే ఆవిరి మొహాన కొడుతుందట," అని ఆవిడ నవ్వింది. బ్యాంకులోనూ ఇదే తంతు. కౌంటరు వెనక ఆఫీసరమ్మ, జుట్టు బిగించి ముడేసుకున్న మనిషి, ఇంకెవరికైనా ఈ ఖాతా మీద సంతకం చేసే హక్కు ఇస్తారా అని అడిగింది. తాళాలాయన ఆ ప్రశ్న తెలుగులో చెప్పాడు. ఆవిడ తలుపు పక్క కుర్చీలో కూర్చుని చేతిసంచి సర్దుకుంటోంది. వేలు మళ్లీ లేచింది. ఆఫీసరమ్మ కూడా నవ్వి, తనూ ఒక వేలెత్తి చూపించి, ఒక్కరేనన్నమాట అని రాసుకుంది.

మేస్త్రి సంతకం చూడాల్సిందే. పేరు చివర పెద్ద సున్నా చుట్టి, దాన్ని అడ్డంగా ఒక గీతతో కోస్తాడు. వయసులో ఉన్నప్పుడు చీఫ్ ఇంజనీరు సంతకం చూసి మోజుపడి నేర్చుకున్నది. నమూనా కార్డు మీద మూడుసార్లు చేశాడు, మూడూ ఒక్కలాగే వచ్చాయి. పెద్ద మొత్తం కదలాలంటే మనిషి స్వయంగా రావాలి, తన కళ్ల ముందే సంతకం పెట్టాలి, అది ఈ కార్డుతో సరిపోవాలి అంది ఆఫీసరమ్మ. అంత గట్టి పద్ధతి చూసి మేస్త్రికి ముచ్చటేసింది. "వీళ్లకీ తెలుసే! ఒకే చెయ్యి," అని దారంతా మురిసిపోయాడు.

మొదటి వాటా కట్టారు. గోడలకు పూత పూర్తయింది, రెండోదీ కట్టారు. ఆవిడ ఇంటి కిటికీలు కొలుచుకుని వచ్చి పరదాలు కుట్టడం మొదలుపెట్టింది. ఆయాసం చాలామటుకు తగ్గింది. సంతకు నడిచి వెళ్లి వచ్చేది. ఆ భాషలో నాలుగు ముక్కలు పట్టుకుని కూరగాయలవాడితో బేరాలు కూడా ఆడేది. మేస్త్రికి అంతకన్నా ఏం కావాలి?

అలాంటి రోజుల్లో ఒక పొద్దున టీ గ్లాసు ఆయన చేతిలోంచి జారింది.

"వేడికి," అన్నాడు.

ఆవిడ గచ్చు తుడుస్తూ గ్లాసు పట్టుకుని చూసింది. టీ ఎప్పుడో చల్లారిపోయి ఉంది.

ఆ తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టేది. గడ్డం గీసుకుంటే దవడ కింద తెగేది. గది తాళం తియ్యమని చెవి ఆవిడ చేతికిచ్చేవాడు. కుడిచెయ్యి మోచేతి కిందినుంచి తిమ్మిరి. కాసేపు ఉండి పోయేది, మళ్లీ వచ్చేది. ప్రతిసారీ కొంచెం ఎక్కువసేపు ఉండి పోయేది. డాక్టరు దగ్గరికి పోతే ఏమవుతుంది? ఆ జబ్బు కాగితం పర్మిట్ ఆఫీసుకు చేరుతుందేమో, జబ్బు మనిషిని ఈ దేశం ఉంచుకోదేమో, ఆవిడను మళ్లీ ఆ పొగలోకి తీసుకెళ్లాల్సి వస్తుందేమో! ఇల్లు చేతికి రానీ, తర్వాత చూసుకుందాం అనుకున్నాడు. ఎవరినీ అడగలేదు, తనలో తనే తీర్మానించుకున్నాడు.

మిల్లులో ఒకసారి ఒక కుర్రాపరేటరు ప్రెషర్ మీటరు మీద గుడ్డ కప్పి డ్యూటీ చేశాడు. ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తుంటే కాళ్లు వణుకుతున్నాయట, చూడకపోతే నయమట. మేస్త్రి వాణ్ని మెడపట్టుకుని గదిలోంచి గెంటేశాడు. "చూడకపోతే ముల్లు ఆగుతుందిరా వెధవా?" అని అరిచిన అరుపు హోరులో కూడా వినపడిందని చెప్పుకునేవారు. ఆ మేస్త్రే ఇప్పుడు కుడిచెయ్యి జేబులో దాచుకుని తిరుగుతున్నాడు. ఏమనాలి ఈ మనిషిని!

ఆవిడకు కళ్లు లేవా? కుట్టుపని చేసే మనిషి, ఒక్క కుట్టు వంకరపోతే పట్టేస్తుంది.

"ఆ చెయ్యి ఇటివ్వండి, చూద్దాం."

"ఏముంది చూడ్డానికి? చలికి పట్టేసింది."

"ఈ ఊళ్లో చలెక్కడుందండీ?"

మేస్త్రి మాట దాటేశాడు. ఆవిడ పరదా పక్కన పెట్టి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"పోనీ, రేపు బ్యాంకుకి వెళ్లి నా పేరు కూడా రాయించండి. నాకు సంతకం రాదా ఏంటి? యూనిఫారాలకి బడివాళ్లకు ఎన్ని రసీదులు రాసిచ్చాను! చివరి వాటా ఉంది కదా. మీకు ఒంట్లో బాగోకపోతే ఎలాగండీ?"

మేస్త్రి వేలెత్తాడు. ఎడమచేతి వేలు.

ఇన్నేళ్ల కాపురంలో ఆ వేలు ఎప్పుడూ కుడిచేతిదే. ఆవిడ ఆ ఎడమ వేలు వంక చూసింది, జేబులో ఉన్న కుడిచెయ్యి వంక చూసింది. ఈసారి నవ్వలేదు. పరదా తీసుకుని ఒళ్లో పెట్టుకుంది గానీ కుట్టలేదు. కిటికీలోంచి కొండ కేసి చూస్తూ కూర్చుంది.

చెప్పొద్దూ, ఆ మాట మేస్త్రికి గుచ్చుకుంది. మర్నాడు నడకకు వెళ్తున్నానని చెప్పి ఒక్కడే బ్యాంకుకి పోయాడు. ఆవిడ పేరు రాయించడానికే పోయాడు, ఆ మాత్రం ఆయన పక్షాన చెప్పాలి. చేతిసైగలతో, వచ్చీరాని ముక్కలతో విషయం చెప్పాడు. ఆఫీసరమ్మ సంతోషంగా ఫారం తీసి ముందు పెట్టింది, కింద వేలు పెట్టి చూపించింది, ఇక్కడ సంతకం అని. మేస్త్రి కలం పట్టుకున్నాడు. పేరు ఏదో గీసుకొచ్చాడు. చివరి సున్నా దగ్గర చెయ్యి తిరగలేదు. సగం దాకా వచ్చి గీత కిందికి జారిపోయింది.

ఆఫీసరమ్మ నమూనా కార్డు తీసి పక్కన పెట్టి చూసింది. ఆయన మొహం వంక చూసింది. బాగానే ఉన్నారా అని అడిగింది కాబోలు. అది మంచి మనిషి అడిగే తీరే. అప్పుడే కుడిచెయ్యి బల్లమీద పెట్టి, ఇదీ నా పరిస్థితి అని ఉంటే, తాళాలాయనను పిలిపించి ఏదో ఒక దారి చూసేదే. అప్పటికింకా సగం సున్నా వచ్చేది కదా! మేస్త్రి ఏం చేశాడో తెలుసా? కళ్లజోడు మర్చిపోయానని సైగ చేసి, ఫారం నలిపి జేబులో కుక్కుకుని బయటపడ్డాడు. నలుగురిలో సంతకం రాని మనిషిలా నిలబడటానికి ఆయనకు మనసొప్పలేదు. ఇంటికొచ్చి పాత పేపర్ల అంచుల మీద సున్నాలు చుట్టాడు. కొన్ని వచ్చాయి. వచ్చినవే చూసుకున్నాడు.

చివరి వాటా గడువు దగ్గరపడింది. ఇల్లు దాదాపు తయారైంది. తాళాలాయన వచ్చి, వసారాకు ఇనపచట్రం కూడా బిగించారని చెప్పి, "రేట్లు బాగా పెరిగాయి మేస్త్రిగారూ, మీరు చవగ్గా కొట్టేశారు. ఆ బిల్డరు లోపల్లోపల కుమిలిపోతున్నాడు. గడువు మాత్రం దాటనివ్వకండి," అన్నాడు.

"ఎల్లుండే వెళ్దాం," అన్నాడు మేస్త్రి.

మర్నాడు పొద్దున ఆవిడ టీ తెచ్చి మంచం పక్కన పెట్టింది. ఆయన లేవబోయాడు. కుడివైపు శరీరం మంచానికి అతుక్కుపోయినట్టు ఉండిపోయింది. నోరు ఒక పక్కకి లాగేసింది. ఏదో చెప్పబోతే ముద్దముద్దగా వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు చాలా నిదానంగా మాట్లాడాడు, తాళాలాయన అంతకన్నా నిదానంగా తెలుగులో చెప్పాడు. ప్రాణానికి భయం లేదు. మాట కొంత వస్తుంది. చెయ్యి సంగతి ఇప్పుడే చెప్పలేం. "చెయ్యి ముందే తిమ్మిరెక్కుతూ ఉండేదా అని అడుగుతున్నారమ్మా." ఆవిడ అవునని తల ఊపింది. అప్పుడే వచ్చి ఉండాల్సింది అన్నాడట డాక్టరు.

ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు ఉన్నదంతా ఊడ్చి పంపుతానన్నాడు గానీ, అది వాటాలో పావు వంతుకు కూడా చాలదు. బిల్డరు దగ్గరికి వెళ్లింది. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, పాపం పాపం అన్నాడు, గడువు మాత్రం ఒక్క పూట కూడా పెంచనన్నాడు. బ్యాంకుకి వెళ్లింది. డబ్బంతా భద్రంగా ఉంది. వాటా కట్టగా ఇంకా మిగులుతుంది కూడా. అందులో ఆవిడ కుట్టిన యూనిఫారాల డబ్బూ ఉంది. అది ఆయన సంతకానికే కదులుతుంది.

"వేలిముద్ర పనికిరాదా?" అని ఆవిడ తాళాలాయన చేత అడిగించింది.

దానికి కోర్టు నుంచి కాగితం రావాలట. ఈయన తరఫున వ్యవహారాలు చూడ్డానికి ఆవిడను నియమించాలట. నెలలు పడుతుందట. గడువేమో మర్నాటితో సరి.

"అయితే ఆయన్నే తీసుకొస్తాను," అంది ఆవిడ.

మర్నాడు చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆవిడే గడ్డం గీసింది, ఉతికిన చొక్కా తొడిగి గుండీలు పెట్టింది. కుడిచెయ్యి ఒళ్లో ఎవరిదో వస్తువులా పడి ఉంది. బ్యాంకులో జనం పక్కకి జరిగి దారిచ్చారు. ఆఫీసరమ్మ లేచి బయటికొచ్చి, ఎత్తు తక్కువ బల్ల ఒకటి లాగి, కాగితం దానిమీద పరిచింది. ఆఫీసరమ్మ మనసులో కూడా ఈ పని అయితే బాగుండుననే ఉంది, మొహంలో తెలుస్తోంది.

ఆవిడ మొగుడి చెయ్యి ఎత్తి బల్లమీద పెట్టింది. వేళ్లు ఒక్కొక్కటీ విప్పి కలం పెట్టి, మళ్లీ ఒక్కొక్కటీ మూసింది. మేస్త్రి ఆ చేతి వంక చూశాడు. చెమటలు పడుతున్నాయి. బలమంతా భుజంలోకి తెచ్చుకుని తోశాడు. కలం కాగితం మీద ఒక చుక్క పెట్టింది. అంతకు మించి కదల్లేదు. ఇంకోసారి తోశాడు. కలం ఒరిగిపోయింది.

"రాయండి. మీకు వచ్చుగా," అంది ఆవిడ చెవి దగ్గర. "ఆ సున్నా ఒక్కటి చుట్టండి. నాకోసం."

మేస్త్రి కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆయన ఏడవడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. "నీ... పేరు..." అన్నాడు ముద్దగా, "రాయిం... చాల్సింది."

"సరే, సరే. ఇప్పుడు అదంతా వద్దు."

ఆవిడ ఆయన చేతిమీద తన చెయ్యి వేసింది. రెండు చేతులూ కలిసి కలాన్ని నిలబెట్టాయి. ఆవిడ మెల్లిగా తోసింది. మొదటి అక్షరం పడింది, వంకర లేకుండా, చక్కగా. రెండోదీ పడుతోంది. మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. ఆ సున్నా దాకా పోతే చాలు. ఆవిడ చేతి వెచ్చదనం తన చేతికి తెలియడం లేదు గానీ, కలం మాత్రం నడుస్తోంది.

ఆఫీసరమ్మ చెయ్యి చాచి కాగితం మీద అడ్డం పెట్టింది.

ఆవిడ తలెత్తింది. ఆఫీసరమ్మ ఏదో అంది, బాధగానే అంది. తాళాలాయన నోరు తెరిచి, తెలుగులో ఎలా చెప్పాలో తెలియక నేల చూశాడు. ఆఫీసరమ్మ ఆవిడ చేతివైపు చూపించి, కాదన్నట్టు తలూపింది. తర్వాత మేస్త్రి చేతివైపు చూపించి, చూపుడువేలు ఒకటి పైకెత్తింది.

మేస్త్రికి ఎవరూ తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడకు కూడా.

ఆవిడ చెయ్యి తీసేసింది. ఆయన వేళ్లలోంచి కలం విడిపించి మూత పెట్టింది. ఆ చేతిని మళ్లీ ఒళ్లో సర్ది, చొక్కా మణికట్టు సరిచేసింది. బయటికి వచ్చేసరికి ఎండ బాగా కాస్తోంది, కొండ మీంచి పొడి గాలి వీస్తోంది. ఆవిడ కుర్చీ పట్టుకుని నిలబడి, ఒక్కసారి ఊపిరి గట్టిగా పీల్చుకుంది. అది లోపలిదాకా పోయింది.

"పదండి," అంది.

ఎక్కడికని ఆయన అడగలేదు.